పళ్లు చెప్పిన సాక్ష్యం

(నల్లగొండలో డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులకు ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ తొలి తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

పిల్లలూ, అందరికీ నమస్కారం. పర్యావరణం అంటే ఏమిటి, అందులో ఎన్ని భాగాలుంటాయి అన్నది మీ పుస్తకం మొదటి పేజీలోనే ఉంది. అది ఇంటికెళ్లి చదువుకోండి. నేను మాత్రం మిమ్మల్ని ఒక ఇంటికి తీసుకెళ్తాను.

మర్రిగూడ వైపు ఒక ఊరు. నేను నీళ్ల పరీక్షల ల్యాబులో పనిచేస్తున్న రోజులవి. ఆ ఇంటి వాకిట్లో ఉన్న బోరు నీళ్లు పట్టుకోవడానికి వెళ్లాను. అత్తగారు అరుగు మీద కూర్చుని ఉంది. నేను పలకరిస్తే తల తిప్పలేదు. మెడ ఒక్కటే తిప్పడం ఆమెకు రాదు, మనిషి మొత్తం తిరగాలి. లేచి నిలబడితే చూపు నేల మీదే ఉంటుంది, అంతగా వంగిపోయింది నడుం. కొడుక్కి ముప్పై అయిదేళ్లుంటాయేమో. నవ్వితే పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు. మన దగ్గర వాటిని గారపళ్లు అంటాం కదా, అవి. ఇక కోడలు. మిర్యాలగూడ వైపు, కాలువ కింది ఊరి పిల్ల. పెళ్లయి వచ్చి పదిహేనేళ్లయిందట. పళ్లు తెల్లగా మల్లెమొగ్గల్లా ఉన్నాయి. కానీ బిందె దించుతూ ఆమె ఒక మాట అంది: "పొద్దున లేస్తే నడుం పట్టేస్తోంది సార్, కింద కూర్చుంటే లేవలేకపోతున్నా."

ఒకటే ఇల్లు. ఒకటే బోరు. ఒకటే కుండలో నీళ్లు. కొడుక్కి పళ్లు పాడయ్యాయి. కోడలికి పళ్లు బాగున్నాయి, నడుం పట్టేస్తోంది. ఎందుకిలా? రెండు నిమిషాలు ఆలోచించండి. నోట్సులో ఏం రాసుకోకండి, ఊరికే ఆలోచించండి.

సరే. కొందరు వంశపారంపర్యం అన్నారు, కొందరు నీళ్లే కారణం అన్నారు, వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి "కోడలు చిన్నప్పుడు ఆ నీళ్లు తాగలేదు కదా సార్" అంది. ఆ అమ్మాయి మాట దగ్గర ఆగుదాం.

పంటి పైన మెరిసే పొర ఉంటుంది, ఎనామెల్. ముందు పళ్లకు ఆ పొర తయారయ్యేది చిగుళ్ల లోపల, ఇంచుమించు ఎనిమిదేళ్ల వయసు లోపే. రాళ్లలోంచి నీళ్లలోకి కరిగి వచ్చే ఫ్లోరైడ్ అనే పదార్థం ఉంది. ఆ వయసులో అది ఎక్కువున్న నీళ్లు తాగితే పొర సరిగ్గా గట్టిపడదు. తర్వాత దానికి రంగు పట్టేస్తుంది. ఎనిమిదేళ్లు దాటాక ఎన్ని బిందెలు తాగినా ఆ పళ్లకు కొత్తగా చారలు రావు. ఎముక సంగతి అలా కాదు. అది మనం బతికున్నంత కాలం అరుగుతూ, మళ్లీ కట్టుకుంటూ ఉంటుంది. కట్టుకునే ప్రతిసారీ నీళ్లలోని ఫ్లోరైడ్ కొంత అందులోకి చేరుతుంది. ఎముకలో ఉండే ఖనిజంలో హైడ్రాక్సిల్ అయాన్ అనే ఒక భాగం ఉంటుంది. ఫ్లోరైడ్ అయాన్ సైజు దాదాపు అంతే కాబట్టి దాని స్థానంలో చక్కగా కూర్చుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఎముకలు మందమవుతాయి, కీళ్ల దగ్గరి నరాల్లాంటి పట్టీలు కూడా సున్నం కట్టినట్టు గట్టిపడతాయి. మెడ తిరగకపోవడం, నడుం పట్టేయడం అందువల్లే.

అంటే పళ్లు మన బాల్యం ఎక్కడ గడిచిందో చెప్తాయి, ఎముకలు బతుకంతా ఏ నీళ్లు తాగామో చెప్తాయి. ఆ కోడలి నోరు కాలువ ఊరి సాక్ష్యం చెప్తోంది, నడుం ఈ ఊరి సాక్ష్యం చెప్తోంది.

ఇప్పుడు వంశపారంపర్యం అన్నవాళ్ల దగ్గరికి వద్దాం. మీది తప్పు ఆలోచన కాదు. పరీక్షకు నిలబడగల ఆలోచన, అందుకే నాకు నచ్చింది. రక్తంలోనే ఉందంటే, బయటి ఊరి నుంచి వచ్చిన కోడలికి రాకూడదు. వచ్చింది. ఈ ఊరి ఆడపిల్ల పెళ్లయి కాలువ ఊరికి వెళ్తే అక్కడ ఆమెకు పుట్టే పిల్లలకు గారపళ్లు రావాలి. వస్తున్నాయా? వెళ్లి చూడొచ్చు. ఫలానాది కనిపిస్తే నా మాట తప్పని ఒప్పుకుంటాను అని ముందే చెప్పగలిగిన ఊహనే సైన్సులో పరికల్పన అంటారు. మరి ఊళ్లలో దీన్ని శాపం అనేవాళ్ల సంగతి? వాళ్లూ బాధకు కారణం వెతికినవాళ్లే, వాళ్లను చులకనగా చూడొద్దు. కానీ శాపం అన్న మాటలో చిక్కేమిటంటే, వస్తే శాపం తగిలిందంటారు, రాకపోతే తగల్లేదంటారు. ఏం కనిపించినా ఆ మాట చెల్లిపోతుంది. దాన్ని పరీక్షించే దారే లేదు.

ఒక్క విషయం. ఆ ఇల్లు ఒక్కటే రుజువైపోదు. ఆ కోడలికి నడుంనొప్పి పొలం పనుల వల్ల కూడా రావచ్చు. అలాంటి ఇళ్లు వంద చూడాలి. అవే పొలం పనులు, అదే తిండి ఉండి, నీళ్లు మాత్రం వేరుగా ఉన్న ఊళ్లో ఇంకో వంద చూడాలి. అప్పుడే ఏదైనా అనగలం. ఈ పక్కపక్కన పెట్టి చూడటం అనే పని నేర్చుకోవడానికి మనుషులకు ఎన్నేళ్లు పట్టిందో చెప్తాను.

1901లో అమెరికాలో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర డెంటిస్టు కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊళ్లో ప్రాక్టీసు పెట్టాడు. వచ్చిన పిల్లల్లో చాలామందికి గోధుమరంగు పళ్లు. మన గారపళ్లే. ఊళ్లోవాళ్లు తలో కారణం చెప్పారు. మెకే అక్కడితో ఊరుకోలేదు. అప్పటికి దంతవైద్యంలో పేరుమోసిన జి.వి. బ్లాక్‌ను రప్పించాడు. 1909 నుంచి 1915లో బ్లాక్ చనిపోయేదాకా ఇద్దరూ కలిసి చూశారు. ఆ ఊళ్లో పుట్టి పెరిగిన పిల్లల్లో చాలామందికి మచ్చలున్నాయి. పళ్లు వచ్చేశాక ఆ ఊరికి వలసొచ్చిన పెద్దవాళ్లకు లేవు. మన కోడలి కథే. ఇంకో వింత కూడా గమనించారు. మచ్చలున్న పళ్లు పుచ్చిపోవడం తక్కువ. అది వాళ్లు వెతుకుతున్న విషయం కాదు. అయినా రాసి పెట్టుకున్నారు.

1920లలో ఐడహో రాష్ట్రంలో ఓక్లీ అనే ఊరి తల్లిదండ్రులు మెకేకు కబురు పెట్టారు. వేడినీటి ఊట నుంచి ఊరికి కొత్తగా పైపులైను వేసుకున్నాం, ఆ తర్వాతే పిల్లల పళ్లు ఇలా అవుతున్నాయి అని. మెకే నీళ్లు పరీక్ష చేయించాడు. అనుమానించదగ్గది ఏదీ దొరకలేదు. ఇక్కడ మీరూ నేనూ అయితే నీళ్లు మంచివే అని రాసిచ్చేసేవాళ్లం. ఆయన అలా అనలేదు. ఆ పైపు వదిలేసి వేరే ఊట వాడండి అన్నాడు. కొన్నేళ్లకు చిన్నపిల్లలకు మామూలు పళ్లు రావడం మొదలైంది. ఆ నీళ్లలో ఏముందో ఆయనకు తెలియదు, నీళ్లలోనే ఉందని మాత్రం తేలింది. పరీక్షలో ఏమీ దొరకలేదంటే అర్థం, మనం వెతికినవాటిలో అది లేదని. జల్లెడ కన్నాలు పెద్దవైతే రవ్వ కిందికి జారిపోతుంది.

ఆ తర్వాత ఆర్కన్సాలో బాక్సైట్ అనే ఊరు. అల్యూమినియం కంపెనీ కట్టుకున్న ఊరు అది. అక్కడి పిల్లల పళ్లూ ఇంతే. దగ్గర్లోని ఇంకో ఊళ్లో బాగున్నాయి. మెకే రాసిన నివేదిక కంపెనీ ప్రధాన రసాయన శాస్త్రవేత్త చర్చిల్ చేతికొచ్చింది. జనం తమ అల్యూమినియాన్ని ఎక్కడ నిందిస్తారోనని ఆయనకు టెన్షన్. అది కాదని తేల్చడానికే ఆ నీళ్లను అప్పటికున్న అతి సున్నితమైన వర్ణపట పద్ధతిలో, అంటే వెలుగును రంగులుగా విడదీసి ఏ మూలకం ఉందో చూసే పద్ధతిలో, పరీక్ష చేయించాడు. 1931లో బయటపడింది: లీటరుకు 13.7 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్. ఎవరూ ఊహించని మూలకం అది. తర్వాత మెకేతో వేరే మచ్చల ఊళ్ల నీళ్లు కూడా తెప్పించుకుని చూస్తే వాటిలోనూ అదే ఎక్కువ. ఆయన మొదలుపెట్టింది కంపెనీని కాపాడుకోవడానికి. అయినా కొలత కొలతే. దాన్ని దాచకుండా చెప్పాడు, అందుకే ఆయనంటే నాకు గౌరవం.

అదే 1931లో అరిజోనాలో మార్గరెట్ స్మిత్ అనే శాస్త్రవేత్త బృందం ఈ సంగతి తెలియకుండానే ఇంకో దారిలో అక్కడికే చేరింది. మచ్చల ఊరి నీళ్లను చిక్కబరిచి ఎలుకలకు తాగించారు. వాటి పళ్లు పాడయ్యాయి. ఇంకొన్ని ఎలుకలకు నేరుగా ఫ్లోరైడ్ ఇచ్చారు. అవే లక్షణాలు. చూడండి ఎంత తేడా ఉందో. చర్చిల్ దగ్గర రెండు విషయాలు కలిసి కనిపించాయి: ఫ్లోరైడ్ ఉన్నచోట మచ్చలు. కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణమని చెప్పలేం. స్మిత్ ఆ ఒక్కదాన్నే చేర్చి చూసింది. దాంతో ముడి బిగిసింది.

ఇక మన నేల మీదికి వద్దాం. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీలో, ఆనాటి నెల్లూరు జిల్లాలో, షార్ట్ అనే వైద్య పరిశోధకుడు, ఆయన సహచరులు ఎముకల ఫ్లోరోసిస్ గురించి, అంటే ఫ్లోరైడ్ వల్ల ఎముకలకు వచ్చే ఈ జబ్బు గురించి రాశారు. దేశంలో ఈ జబ్బును గుర్తించి రాసిన తొలి రచనల్లో అదొకటి. ఇప్పుడు మనం పొదిలి, దర్శి అంటున్న ప్రాంతం. అంతకుముందే అక్కడి రైతులు ఒకటి గమనించారని చెప్తారు. ఎడ్లు కీళ్లు పట్టేసి నడవలేకపోయేవట. నాకు ఈ ఎడ్ల మాట చాలా విలువైనదిగా అనిపిస్తుంది. ఎద్దు పూర్వజన్మ పాపానికి కుంటిందని ఎవరూ అనరు. ఎద్దుకీ రైతుకీ వంశం ఒకటి కాదు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నవి మేత పండే నేల, తాగే నీళ్లు. ముందు చూసింది రైతు కన్ను. డాక్టర్లు ఆ తర్వాత వచ్చి కొలిచారు.

మన నేలలోనే ఎందుకు ఇంత? మన కింద ఉన్నది గ్రానైటు రాయి. అందులో ఫ్లోరైట్, అపటైట్, నల్ల అభ్రకం లాంటి ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. రాయి ఉన్నంత మాత్రాన నీళ్లలోకి రాదు. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి అడుగున చేరిపోతుంది. కాల్షియం తక్కువై, బైకార్బొనేట్ ఎక్కువై, నీళ్లు క్షార స్వభావంతో ఉంటే ఫ్లోరైడ్ కరిగి అలాగే ఉండిపోతుంది. నీళ్లు రాతి పగుళ్లలో ఎంత కాలం నిలవుంటే అంత ఎక్కువ కరుగుతుంది. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ కాబట్టి ఉన్నదీ చిక్కబడుతుంది. చేదబావుల్లో ఏటేటా పడ్డ వాన నీరు చేరేది. అవి ఎండిపోయాక బోర్లు వేశాం, అందకపోతే ఇంకా లోతుకు వేశాం. లోతు పెరిగితే ఫ్లోరైడ్ పెరిగి తీరుతుందని మాత్రం రాసుకోకండి. ఫర్లాంగు దూరంలో ఉన్న రెండు బోర్లలో ఒకటి తాగడానికి పనికొస్తుంది, ఒకటి పనికిరాదు. నేనే ఎన్నో చూశాను. అందుకే ఊరికి ఒక్క శాంపిల్ సరిపోదు, బోరు బోరుకీ చూడాలి. రాయి, వాన, ఎండ, కరువు, బోరు, బిందె, ఎముక. ఈ వరుసలో ఏది ఎక్కడ దేన్ని కదిలిస్తుందో వెతకడమే మీరు మూడేళ్లు చదవబోయే సబ్జెక్టు.

కొలత గురించి చెప్పకపోతే నేను ల్యాబులో పనిచేసి లాభం లేదు. మా రోజుల్లో జిర్కోనియం అనే లోహం, అలిజరిన్ అనే రంగు పదార్థం కలిపిన ద్రావణం వాడేవాళ్లం. ఎర్రటి గులాబీ రంగులో ఉంటుంది. పరీక్షనాళికలో నీళ్లు పోసి ఆ ద్రావణం కలిపి కాసేపు ఆగాలి. ఫ్లోరైడ్ ఉంటే అది జిర్కోనియాన్ని లాక్కుంటుంది, ఎరుపు విరిగి పసుపు పైకి తేలుతుంది. ఫ్లోరైడ్ ఎంత ఎక్కువైతే అంత పసుపు. పక్కన వరుసగా, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందో మనకు ముందే తెలిసిన నాళికలు పెడతాం: సున్నా, అర, ఒకటి, ఒకటిన్నర, రెండు. మన నాళిక ఏ రంగుకు దగ్గరగా ఉందో వెలుతురులో తెల్ల కాగితం ముందు పెట్టి చూడాలి. ఆ సున్నా నాళికే అన్నిటికంటే ముఖ్యం. ఏమీ లేనప్పుడు ఏ రంగుంటుందో తెలియకపోతే, ఉన్నప్పుడు వచ్చిన రంగుకు అర్థం లేదు. ఎవరి ఊరి సీసా ఏదో రంగు చూసేవాడికి తెలియకూడదు. నంబరు మాత్రమే ఉండాలి. "ఆ ఊరిది కదా, ఎక్కువే ఉంటుంది" అనుకున్న కంటికి పసుపే కనిపిస్తుంది. ఇప్పుడు ఎలక్ట్రోడు ముంచితే మీటరు మీద అంకె వస్తుంది. ఆ మీటరుక్కూడా ముందు తెలిసిన ద్రావణాలు చూపించాల్సిందే.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నా చేతిలో ఒక పొరపాటు జరిగింది. ఒక ఊరి బడి దగ్గరి బోరింగు నీళ్లు తెమ్మని ఒక అబ్బాయికి సీసా ఇచ్చి పంపాను. మండుటెండ. వాడు బడిదాకా వెళ్లలేదు. దారిలో ట్యాంకరు నీళ్ల డ్రమ్ము కనిపిస్తే అందులో ముంచి తెచ్చాడు. పరీక్షలో 0.8 వచ్చింది. తాగొచ్చని రాసి పంపాను. కొన్ని నెలల తర్వాత ఆ బడి పంతులుగారు వేరే పనిమీద వచ్చి, పిల్లల పళ్లు చూస్తే నమ్మబుద్ధి కావట్లేదండీ అన్నారు. నేనే వెళ్లి కొట్టి నింపుకొచ్చి చూస్తే 4 దాటింది. నా ద్రావణం తప్పు కాదు, రంగు తప్పు కాదు, లెక్క తప్పు కాదు. నీళ్లే ఆ నీళ్లు కావు. ఆ నెలలన్నీ పిల్లలు ఆ బోరింగు నీళ్లే తాగారు, నా సంతకం చూసి. ఆ సంగతి ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఆ రోజు నుంచి నా కళ్ల ముందు నింపని సీసాను నేను పరీక్ష చేయలేదు.

4 అంటే ఏమిటో కూడా లెక్క వేద్దాం. మన దేశపు ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దూ 1.5. నేను ఫ్యాను కింద కూర్చుని రోజుకు రెండు లీటర్లు తాగితే 4 ఉన్న నీళ్లతో ఎనిమిది మిల్లీగ్రాములు లోపలికి పోతుంది. మే నెల ఎండలో రాళ్లు కొట్టే మనిషి ఆరు లీటర్లు తాగితే ఇరవై నాలుగు. అదే బోరు, మూడింతల మోతాదు. పైగా తిండిలో పాలు, గుడ్లు లేక కాల్షియం తక్కువైతే దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. నీళ్లలో ఎంతుంది అన్న ప్రశ్నతో ఆగితే సగం లెక్కే చేసినట్టు. ఎవరిలోకి ఎంత వెళ్తోంది అని కూడా అడగాలి.

మన జిల్లా పేరు ప్రపంచమంతటా ల్యాబుల్లో వినపడేది ఒక పద్ధతి వల్ల. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, నీరీ అంటాం, 1970లలో తయారుచేసిన నల్లగొండ పద్ధతి. ఇంట్లో కూడా చేసుకోవచ్చు. బకెట్ నీళ్లలో కొలిచిన సున్నం, కొంచెం బ్లీచింగ్ పౌడర్, కొలిచిన పటిక ద్రావణం వేసి పది నిమిషాలు మెల్లగా తిప్పాలి. దూదిపింజల్లా తెల్లటి తుంపులు తేలతాయి. గంటసేపు కదపకుండా ఉంచితే అవి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగుతాయి. పైన తేటనీళ్లు వంచుకోవాలి. చవగ్గా అయ్యే పని, కరెంటు అక్కర్లేదు. మరి ఇంటింటా ఎందుకు నిలవలేదు? పటిక ఎంత వేయాలన్నది ఆ నీళ్ల ఫ్లోరైడ్, క్షారత మీద ఆధారపడుతుంది. తక్కువైతే ఫ్లోరైడ్ పోదు, ఎక్కువైతే రుచి మారుతుంది, నీళ్లలో అల్యూమినియం మిగిలే భయమూ ఉంది. అడుగు మడ్డి ఎక్కడ పోయాలి? కూలికెళ్లే మనిషి తెల్లవారుజామున ఇదంతా రోజూ చేయగలదా? రసాయన శాస్త్రం సరిగ్గానే పనిచేసింది. ఆ ఇంటి పొద్దుటిపూటను మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదని నా అభిప్రాయం.

అన్ని ప్రశ్నలూ తేలిపోలేదు. 1970లలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు మన ప్రాంతంలో మోకాళ్లు లోపలికి ఒరుసుకునేలా కాళ్లు వంకరపోతున్న పిల్లల్ని, యువకుల్ని చూసి రాశారు. పాత ఫ్లోరోసిస్‌లో అంతగా కనిపించని రూపం. నాగార్జునసాగర్ వచ్చాక భూగర్భజలం పైకొచ్చి, నేల క్షారత మారి, జొన్నల్లో మాలిబ్డినం అనే లోహం పెరిగి, దానివల్ల ఒంట్లో రాగి తగ్గి ఇలా అవుతుందేమోనని ఒక వాదన వచ్చింది. పెద్ద గొలుసు. ఒక్కో కొక్కెం విడివిడిగా పరీక్షించాల్సిందే. దీన్ని మీకు ఊహగానే చెప్తున్నాను, మీరూ ఊహగానే రాసుకోండి.

చింతపండు సంగతి కూడా చెప్పాలి. అదే సంస్థ శాస్త్రవేత్తలు 2002లో ప్రచురించిన పరిశోధన. పిల్లలకు మధ్యాహ్న భోజనంతో రోజూ 10 గ్రాముల చింతపండు పెట్టి, మూత్రంలో ఫ్లోరైడ్ ఎంత పోతోందో కొలిచారు. ఎక్కువగా పోయింది. మన చారుకు ఇంత గుణముందని నాకూ సంతోషమే. అయితే ఇందులోంచి ఎంత చెప్పొచ్చో అంతే చెప్పాలి. చింతపండు తింటే బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగింది. వంగిన నడుం నిటారవుతుందని ఆ పరిశోధన చెప్పలేదు. చారు తాగుతున్నాం కదా, బోరు నీళ్లు తాగినా ఫరవాలేదు అని అంతకన్నా చెప్పలేదు.

ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లొస్తున్నాయి. చాలా ఊళ్లలో చిన్నపిల్లల పళ్లు తెల్లగా వస్తుంటే చూసి నాకు కడుపు నిండిపోతుంది. ఓక్లీలో మెకే చూసింది ఇదే. కానీ వంగిన ఎముక మళ్లీ నిటారవదు. భూమి కింద రాయీ మారలేదు, నీళ్లూ మారలేదు. పైపు పగిలిన వారం, కరెంటు పోయిన రోజు, పొలంలో దాహమైన మధ్యాహ్నం జనం ఏ నీళ్లు తాగుతున్నారు? ఆ లెక్క మీరు తేవాలి.

ఈ బల్ల మీద ప్లాస్టిక్ సీసాలున్నాయి. ఫ్లోరైడ్ పరీక్షకు గాజు కంటే ప్లాస్టిక్ సీసాలే మేలు. ఒక్కొక్కరు రెండేసి తీసుకోండి. ఒకటి మీ ఇంటి నల్లాకు, ఒకటి మీ ఊళ్లో ఇంకా ఎవరో ఒకరు తాగుతున్న బోరుకు. పట్టబోయే నీళ్లతోనే మూడుసార్లు కడగండి. బోరింగు అయితే కాసేపు కొట్టి, పైపులో నిలవున్న నీళ్లు పోయాక పట్టండి. సీసా మీద నంబరు మాత్రమే వేయండి. తేదీ, టైము, చోటు, ఆ నీళ్లు ఎవరు తాగుతారు అన్నవి మీ నోట్‌బుక్కులో, ఆ బోరు దగ్గర నిలబడి ఉండగానే రాయండి. సోమవారం పొద్దున పదింటికల్లా ల్యాబుకు తెండి. సున్నా నాళిక నేను సిద్ధంగా పెడతాను.